వేళ్ళు గుర్తుపట్టిన బండి

మొయినాబాద్,
దసరా వెళ్ళిన వారం, 2000

బావా,

నర్సింహులు దండం పెట్టి రాసేది. మొన్న ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. బావకు ఇయ్యమన్న. గొంతు ఆపరేషన్ అయినంక నీకు ఫోన్ చేసుడు అదే మొదలు. నేను ఇవతల ఏదేదో అంటనే ఉన్న, నువ్వు అవతల వేలుతోని రిసీవర్‌ను కొట్టినవు. "ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు" అని అక్క చెప్పింది. ఇంకేం అడగాల్నో నాకు తోచలే. పెట్టేసిన. అందుకే కాయితం పట్టిన. వికారాబాద్ బస్సు కండక్టర్ సాముయేలు దినాం నా షెడ్డు ముందటి నుంచే చేవెళ్లకు వస్తడు గద, ఇచ్చుడు తెచ్చుడు తాను చూసుకుంటనన్నడు.

పని ముచ్చట చెప్త. నా షెడ్డుకు ఒక బండి వచ్చింది. ముప్పై ఎనిమిదో సంవత్సరంల ఇంగ్లండు నుంచి దిగిన ఆస్టిన్ కారు. షాబాద్ దిక్కు ఒక దొరది. దొర పోయినంక కొట్టంల పడి ఉండె, దాన్ల కోళ్ళు గుడ్లు పెట్టినయి. కొన్నది జగదీశ్ అని ఒక పిలగాడు, మాదాపూర్‌ల అద్దాల బిల్డింగుల కంప్యూటర్ నౌకరి. షోకుకు కొన్నడనుకున్న. కాదు. ఆయన నాయిన బాల్‌రాజ్ ఆ దొర తాన డ్రైవరు. వయసంత ఆ బండి మీదనే గడిపిండు గని, వెనక సీట్ల ఒక్కనాడు కూసోలేదట. ఇప్పుడు ముసలోడైండు, షుగర్‌తోని రెండు కండ్లు పోయినయి. తండ్రిని వెనక సీట్ల కూసోవెట్టి, తాను నడుపుకుంట షాబాద్ బజార్లకెల్లి తీస్కపోవాల్నని కొడుకు ఆశ.

ఇంజన్ గురించి నాకు ఫికర్ లేదు, అది తిరుగుతది. మొన్న ఆదివారం జగదీశ్ తండ్రిని పట్టుకొచ్చిండు. తాత చెయ్యి తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టినం. వేళ్ళు అట్ల అట్ల పోయినయి, ఒక స్క్రూ తాన ఆగినయి. ఇంకో దాని మీదికి పోయినయి. చెయ్యి గుంజుకున్నడు.

"ఇది నా బండి కాదు. కండ్లు లేవని నన్ను ఆడిస్తున్నరా?" అన్నడు.

చూస్తే ఏమున్నది, నడుమల ఎవడో మేస్త్రీ పాత స్క్రూలు పారేసి ప్లస్ గుర్తువి బిగించిండు. ఆ కాలం బండ్లకు తల మీద ఒక్క గీత ఉన్న స్క్రూలే వస్తుండె. జగదీశ్ మొఖం చూడలేకపోయిన. పోరనికి ముప్పై దాటినయి గని, తిట్లు తిన్న బడి పిలగాని లెక్క నిలబడ్డడు.

బావా, లోపలివి, తలుపులవి, అద్దం చుట్టువి అన్ని మార్చాలె. దుకాణంల దొరికేటివి మిల్లీమీటరు లెక్క, ఈ బండి ఇంచుల లెక్క, చుడీ మర కలువది. ఇప్పటి స్క్రూ తల పల్లెం లెక్క ఉంటది, దీనిది జర ఉబ్బి ఉంటది. నీ లేత్ మీద అయితదా? సీటు కింద ఒక్కటి అసలుది దొరికింది, పంపుతున్న. పైలంగ పెట్టు.

నర్సింహులు


చేవెళ్ల,
దీపావళి ముందట

బామ్మర్దీ,

నీ ఉత్తరం చదివి నవ్విన. ఇప్పుడు నేను నవ్వితే నోట్ల నుంచి సప్పుడు రాదు, మెడకాడి బొందల నుంచి గాలి బుస్సుమంటది. మీ అక్క పాము వచ్చిందనుకొని కట్టె పట్టుకొని వచ్చింది.

గొంతు తీసేసినంక ఒక సంగతి తెలిసింది. మాట రానోనికి చెవులు సుత రావనుకుంటరు జనం. ట్రాక్టరు పిన్ను చేయించుకునేటోళ్ళు నా చెవికాడ నోరు పెట్టి ఒర్లుతరు. కాయితం మీద నువ్వు ఒర్లవు, మంచిగున్నది.

నీ స్క్రూను దినమంత జేబుల వేసుకొని తిరిగిన. పైన నల్లగ మాడింది గని, గీకి చూస్తే లోపల ఇత్తడి, మీద నికెల్ పూత. గీత నోరు జర వెడల్పయింది, అంచులు మెత్తవడ్డయి. తుప్పుతోని అట్ల కాదు. ఒక్క మనిషి ఒక్క పేచ్‌కస్‌తోని ఏండ్ల కొద్ది విప్పి బిగిస్తె అట్లయితది. అది ఆ తాత చెయ్యే. కండ్లు లేనోనికి మెరుపుతోని పనేమున్నది? అంచు తెలుస్తది, గీత తెలుస్తది, సల్లదనం తెలుస్తది. ఇనుముది చేసి మీద పూత పోయిస్తే పట్టుకుంటడు. ఇత్తడే కావాలె.

మొదలు నువ్వు దొరికినన్ని దొరికించుకో. పట్నం పోయి జుమ్మేరాత్ బజార్ల తిరుగు. పాత రేడియోలు, గ్రామఫోన్లు, గోడ గడియారాలు, టైపు మిషన్లు, అన్నిట్ల ఇంగ్లండు స్క్రూలే. దొరకనియి నేను చేస్త. పూత మాత్రం ఈడ కాదు. గండిపేట నీళ్ళు కరాబైతయని మన దిక్కు ఆసోంటి పని పెట్టనియ్యరు, దానికి సుత పట్నమే పోవాలె.

"దుమ్ముల కూసోవద్దని డాక్టర్ చెప్పలేదా" అని మీ అక్క లొల్లి. మెడకు తడిబట్ట కట్టుకొని చేస్తనని పలక మీద రాసి చూపిచ్చిన. పలక గుంజుకొని తుడిచేసింది. ఆమెతోని కొట్లాడాల్నంటె నోరుండాలె.

బుచ్చయ్య


మొయినాబాద్,
కార్తీక పున్నం తెల్లారి

బావా,

నువ్వు చెప్పినట్టే జుమ్మేరాత్ బజార్ పోయిన. చెప్పులు అరిగినయి. ఒక గ్రామఫోన్ పెట్టె విప్పితే మన సైజువి కొన్ని దొరికినయి. ఒక గోడ గడియారంల దొరికినయి గని గీత సన్నగ ఉన్నది, డ్యాష్‌బోర్డుకు పనికి రావు. ఆ కబాడి ముసలాయన నన్ను చూసి, "బేటా, జనం గడియారం కొనుక్కపోతరు, నువ్వు గడియారం ఆడనే పెట్టి స్క్రూలు కొంటవ్" అని నవ్విండు.

తెచ్చినయి చింతపండు నీళ్ళల నానవెట్టి రుద్దిన. సగం లోపల ఇనుమువే, తుప్పుకు కరిగే పోయినయి. నువ్వు చేసేటియే ఎక్కువైతయి బావా.

తాతను మల్ల కలిసిన. జగదీశ్ ఆయన్ను ఫ్లాట్‌ల ఒక్కన్ని ఇడిచిపెట్టలేక ఆదివారాలు నా షెడ్డుకే తెస్తున్నడు. బండి తానకి పోనియ్యట్లే, కుర్చీల కూసోవెడుతున్నం. ఇది వేరేటోళ్ళ బండి అనుకుంటున్నడు తాత. తన బండి గురించి అడిగితే మాత్రం చెప్పుడే చెప్పుడు.

"నా బండిల స్క్రూల గీతలన్ని నిలువుగ నిలబడుతుండె" అన్నడు.

"ఎందుకు తాతా?"

"అడ్డం ఉంటే తుడిచేటప్పుడు బట్ట పోగు పట్టుకుంటది. పోగు ఊడి దొర తెల్లంగికి అంటితే ఎవనికి తన్నులు?"

అది చెప్పి నవ్విండు. నాకు నవ్వు రాలే. పక్కన జగదీశ్ ఫోన్ల మాట్లాడుతున్నడు, ఇనలే.

నీకు తెలుసు గద, స్క్రూ బిగిస్తే గీత ఏడ ఆగుతదో అది మన చేతుల ఉండది. ఒక్కొక్కటి బిగించుడు, గీత ఏడ ఆగిందో చూసుడు, విప్పి తల కింది భాగం ఆకురాయితోని జర రుద్దుడు, మల్ల బిగించుడు. గీత నిలువుగ వచ్చేదాక అదే పని. నిన్న పొద్దంత కూసుంటె తలుపువి అయినయి. పక్క షెడ్డు పిలగాండ్లు నన్ను చూసి పిచ్చోడనుకుంటున్నరు. వాండ్లంత ఇక్కడ పని ఇడిచిపెట్టి కంప్యూటర్ కోర్సు నేర్వనికి మెహదీపట్నం పోతున్నరు.

నీ పానం ఎట్లున్నది? ఫోన్ల అక్క "మంచిగనే ఉన్నడు" అని ఊకె అంటది. ఆమె మంచిగనే అంటె నాకు నమ్మకం లేదు.

నర్సింహులు


చేవెళ్ల,
పుష్య మాసం

బామ్మర్దీ,

సాముయేలుతోని మొదటి సంచి పంపిన. ఇత్తడి కడ్డీ లేత్‌ల పట్టి తల ఉబ్బుగ తీసిన, డైతోని చుడీ తిప్పిన, గీత ఆక్సా బ్లేడుతోని చేత్తోనే కోసిన. గీత నోర్లు పాత ఎమరీ కాయితంతోని మెత్తగ రుద్దిన, ఏండ్ల కొద్ది పేచ్‌కస్ తిరిగినట్టు. ఎక్కువ రుద్దలే. కొత్త చెప్పును పాత చెప్పు చెయ్యొచ్చు గని, పాత కాలు చెయ్యలేం గద.

పూత పోసేటాయనకు చెప్పు, అద్దం లెక్క మెరిపియ్యొద్దని. మెరుపు కోసం పూత మందంగ పోస్తే గీత నోరు మూసుకుంటది.

నేను మంచిగనే ఉన్న. జర దగ్గున్నది, చలికాలం గద. లేత్ కాడ కూసుంటె దినం తెల్వకుంట పోతది. లేకపోతే వాకిట్ల కూసొని, వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు నా మెడ దిక్కు చూసి మొఖం తిప్పుకునుడు చూడాలె. నీ పని ఇంకెవ్వరికి ఇయ్యకు. రెండో సంచి తొందరగ పంపుత.

బుచ్చయ్య


మొయినాబాద్,
మాఘ మాసం

బావా,

రెండో సంచి అందింది. ఒక మాట అడుగుత, నిజం రాయాలె.

ఇవి నీ చేతివి కావు.

మంచిగ లేవని కాదు. చుడీ మంచిగ కూసుంటున్నది, తల సుత సరిపోయింది. గని గీత మొదలైన తాన బ్లేడు జారిన సన్నటి గీకులు ఉన్నయి. వాటిని ఎవరో ఓపికగ రుద్ది మాపినరు. నీ బ్లేడు నా చిన్నప్పటి నుంచి ఒక్కసారి జారంగ చూడలే నేను. ఇంకోటి. సంచి ఇప్పితే చింతపండు, బూడిద వాసన. నువ్వు ఎన్నడు స్క్రూలను చెంబులు తోమినట్టు తోమలే. మా ఇంట్ల ఇత్తడి అట్ల తోమేది ఒక్కతే.

అక్క చేసిందా? ఎందుకు చెయ్యవలసి వచ్చింది?

నర్సింహులు


చేవెళ్ల,
శివరాత్రి ముందటి వారం

తమ్మీ,

అక్క అంతమ్మ దీవించి రాసేది. నీ ఉత్తరం ఆయన చదివి నా చేతుల పెట్టిండు. నువ్వే రాయి అన్నట్టు సైగ చేసిండు. నా రాత నీకు తెలుసు, ఐదో తరగతి రాత. తప్పులుంటె సదురుకో.

మెడల మల్ల గడ్డ లేసింది. పట్నం దవాఖానకు తీస్కపోయిన. నీకు చెప్పలే. చెప్తే నువ్వు పని ఇడిచిపెట్టి ఉరికొస్తవని ఆయన వద్దన్నడు. డాక్టరమ్మ మంచామె, నన్ను పక్కకు తీస్కపోయి చెయ్యి పట్టుకొని చెప్పింది. ఇంక కోసుడు లేదు అమ్మా, ఇంటికాడ ఆయనకు ఏది ఇష్టమైతె అది చేసుకోనియ్యి అన్నది. మంచినీళ్ళు మింగుడు సుత కష్టమైతున్నది. ఆకలైతది గని తినలేడు, నేను తినేటప్పుడు ఎదురుంగ కూసొని చూస్తడు. అందుకని నేను దొడ్లెకు పోయి తింటున్న.

స్క్రూలు సగం చేసినంక చేతులు వణుకుడు మొదలైంది. బ్లేడు ఇసిరికొట్టిండు. పెండ్లయిన కాడికెల్లి ఆయన ఏ సామాను ఇసిరికొట్టంగ చూడలే. నేనే ఏరి తెచ్చి, లేత్ ముందట కూసున్న. "చెప్పు, ఎట్లనో" అన్న. వద్దని తల ఊపిండు. నేను లేవలే. ఆఖరికి స్టూలు గుంజుకొని నా పక్కన కూసున్నడు. చేతిల కట్టెపుల్ల పట్టుకొని లేత్ మీద కొడుతడు. మెల్లగ కొడితే మెల్లగ తిప్పాలె, గట్టిగ కొడితే ఆపాలె. మొదటియి అన్ని పాడైనయి. ఒక్కొక్కటి వెలుగుల పట్టుకొని చూసి చెత్తల పడేసిండు. ఒకటి మాత్రం పడెయ్యలే. అటిటు తిప్పి జేబుల వేసుకున్నడు. నాకు ఆ దినం కూర సుత వండబుద్ధి కాలే తమ్మీ, పిచ్చిదాని లెక్క వాకిట్ల తిరిగిన.

రా, వచ్చి చూసిపో. ఏడ్వనికైతే రాకు. మిగిలిన సైజులు పట్టుకొని రా.

అంతమ్మ


మొయినాబాద్,
శ్రీరామనవమి అయినంక, 2001

బావా, అక్కా,

మీ ఇద్దరికి కలిపే రాస్తున్న. అక్కా, నువ్వు బావకు చదివి ఇనిపియ్యి.

అప్పుడు వచ్చినప్పుడు నేను ఏడ్వలే, బస్సెక్కినంక ఏడ్చిన. సాముయేలు టికెట్ అడుగకుంట పోయిండు. బావా, నువ్వు అంత బక్కగైతవని అనుకోలే. అక్క లేత్ తిప్పుతుంటె నువ్వు పుల్లతోని కొట్టుడు చూసిన గద, మీరిద్దరు ఎన్నడు అంత మంచిగ మాట్లాడుకోంగ నేను చూడలే.

బండి అయిపోయింది. అది చెప్పనికే ఈ ఉత్తరం. మంచిగ చెప్పాల్నని ఉన్నది గని, ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. జరిగింది జరిగినట్టు రాస్త.

పోయిన ఆదివారం పొద్దున జగదీశ్ తండ్రికి ఇస్త్రీ ధోతి, తెల్లంగి తొడిగిచ్చి తెచ్చిండు. నేను వెనక సీటు మీద కొత్త తువ్వాల పరిచిపెట్టిన. షాబాద్ దాక పోయొస్తమని పెట్రోలు సుత పోయించిన. ఎవ్వరం తాతకు ఏం చెప్పలే. ముందటి తలుపు తాన నిలబెట్టినం. తాత చెయ్యి పిడి మీద పడ్డది. తలుపు తీసి, తల వంచి, లోపలికి చెయ్యి పెట్టిండు.

డ్యాష్‌బోర్డు మీద వేళ్ళు నడిచినయి. ఒక స్క్రూ. ఇంకోటి. మీటర్ చుట్టు ఉన్నయి. గీతలన్ని నిలువుగ. బావ చేసినయి, అక్క చేసినయి, గ్రామఫోన్ల దొరికినయి, అన్ని వరుసగ తడిమిండు. ఏ ఒక్కదాని తాన చెయ్యి ఆగలే. ఆఖరి దాని మీద బొటనవేలు పెట్టి అట్లనే ఉన్నడు.

"వచ్చినవా?" అన్నడు బండితోని.

జగదీశ్ నా భుజం గట్టిగ పట్టుకున్నడు. ఏడుస్తున్నడో నవ్వుతున్నడో తెల్వది. "బాపూ, వెనకకు రా. వెనక సీట్ల కూసో. నేను నడుపుత" అన్నడు.

తాత గబుక్కున తల బయటికి తీసిండు. కండ్లు కానరాని మనిషి, ఎవ్వరు పట్టుకోకుంటనే బండి చుట్టు తిరిగి వెనక తలుపు తాన పోయిండు. చెప్పులు ఇడిచిండు. భుజం మీది తువ్వాల తీసి సంకల పెట్టుకున్నడు. తలుపు తెరిచి పట్టుకొని నడుము వంచిండు.

"ఎక్కుండ్రి దొరా."

"బాపూ, నేను. జగదీశ్‌ను."

"వాడు ఇంటికాడ ఉన్నడు దొరా. చిన్నోడు. ఎండల ఎందుకని తేలే."

తాత రెండు చేతులు పట్టుకొని జగదీశ్ తన మొఖం మీద పెట్టిచ్చుకున్నడు. "చూడు బాపూ, నేనే" అని. తాత భయంతోని చేతులు ఎనకకు గుంజుకున్నడు. దొర మొఖం ముట్టుకున్నందుకు "తప్పైంది, తప్పైంది" అని వంగిండు. అక్కా, ఆ పిలగాడు ఆడనే మట్టిల కూసున్నడు.

ఆ దినం నుంచి తాత బండిని ఇడిచి వస్తలేడు. దినమంత తుడుస్తడు, తలుపు తాన నిలబడుతడు, "దొర ఎప్పుడొస్తడు" అని అడుగుతడు. కాళ్ళు వాసినయి. కూసోమంటె కూసోడు. ఫ్లాట్‌కు తీస్కపోతె రెండు ముద్దలు తినలే, "బండి ఎండల ఉన్నది" అని తలుపు కొట్టుకున్నడట. జగదీశ్ నా షెడ్డు పక్కన రూము కిరాయికి తీసుకున్నడు. పొద్దున మాదాపూర్ పోతడు, మాపటికి వస్తడు. ఆఫీసుల మనుషులను ఇండ్లకు పంపుతున్నరట, ఆ భయం ఒకటి.

తప్పు నాదే అనిపిస్తున్నది బావా. ఆ ప్లస్ స్క్రూలు అట్లనే ఉంచితె తాత "ఇది నా బండి కాదు" అని ఇంటికి పోయి, కొడుకును కొడుకనుకుంట ఉండేటోడు. మనం ఒక్కొక్కటి చేసి, రుద్ది, నిలువుగ నిలబెట్టి, మనిషిని గుంజుకపోయి ఆ తలుపు తాన నిలబెట్టినం. పాత ప్లస్ స్క్రూలు డబ్బల ఉన్నయి. మల్ల అవే బిగించాల్నా? జగదీశ్‌ను అడుగలే. నిన్ను అడుగుతున్న.

నర్సింహులు


చేవెళ్ల,
ఎండలు ముదిరినయి

బామ్మర్దీ,

రాత వంకర పోతది, చదువుకో. జర రాస్త, జర పండుత, మల్ల రాస్త.

ప్లస్ స్క్రూలు బిగిస్తననే మాట మల్ల అనకు. కండ్లు పోయినంక మనిషికి మిగిలినయి వేళ్ళు. ఆ వేళ్ళతోని సుత అబద్ధం ఆడుతవా?

మంచంల పండి దినమంత ఆ తాత గురించే ఆలోచన చేసిన. నాకు చెయ్యనికి ఇంకేం పని ఉన్నది? ఆయన దొర కోసం పోలేదురా. కండ్లున్న కాలానికి పోయిండు. చేతుల స్టీరింగ్ ఉన్నది, తొవ్వ కనవడుతున్నది, కాళ్ళల బలం ఉన్నది. ఆ కాలంల దొర ఉన్నడు, ఏం జేస్తడు మరి. దొర లేకుంట ఆ కాలం ఆయనకు దొరకది. నేను సుత కండ్లు మూసుకుంటె నా గొంతు ఉన్న కాలానికి పోతున్న. ఆడ నేను మస్తు మాట్లాడుతున్న. అప్పుల కోసం అవమానం చేసిన షావుకారు సుత ఆడనే ఉన్నడు. ఉండనీ అనుకుంటున్న. మీ అక్క నెత్తిల పూలు పెట్టుకొని తిరుగుతున్నది.

వెనక సీటు ఆశ కొడుకుది. తండ్రిది ముందటి సీటు. ఆ తలుపు తాన నిలబెట్టి కాళ్ళు వాపుతున్నరు ఎందుకు? ఇంజన్ బంద్ పెట్టి, స్టీరింగ్ కాడ కూసోవెట్టుండ్రి. నడుపుకోనీ. దొర ఎక్కకుంట ఆయన కూసోడు. అందుకని వెనక కొడుకును కూసోమను. ఆ పిలగానికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. నేను చెప్పుడైతే సులువే.

ఇంక చెయ్యి సాగుతలేదు. మీ అక్క లేత్ మీద ఇప్పుడు నాకన్న నిదానంగ పని చేస్తది. నిదానం మంచిదే.

బుచ్చయ్య


మొయినాబాద్,
మృగశిర కార్తె

అక్కా,

బావ దినాలు అయినంక ఇంటికి వచ్చి వారమైంది. చెయ్యి కాయితం మీదికి పోతె "బావా" అనే రాయబోయింది. ఇప్పటి నుంచి నీకే రాస్త. లేత్ అమ్ముతవా అని షాబాదాయన అడిగిండని చెప్పినవు. నీ ఇష్టం. నన్నడిగితె, ఇప్పుడే ఏం తేల్చకు. నీకు పొద్దున లేస్తె పోయి కూసోను ఒక జాగ ఉండాలె.

బావ రాసిన ఆఖరు ఉత్తరం జగదీశ్‌కు చూపిచ్చిన. చదివి, మడిచి నా చేతుల పెట్టిండు. "నేను దొరను ఎట్లైత అన్నా? మా బాపు ఈ బండి తుడుచుకుంట నడుము వంగిపోయిండు. ఆ సీట్ల ఎట్ల కూసుంట?" అన్నడు. లేచి పోయిండు. నేను బలవంతం చెయ్యలే. తాత మాత్రం తలుపు తానే నిలబడ్డడు. ఒక దినం ఎండకు కండ్లు తిరిగి పడ్డడు. నుదురుకు దెబ్బ తాకింది. రక్తం కారుతుంటె సుత, "దొర చూస్తడు, బండికి అంటొద్దు" అని బట్ట అడిగిండు.

నిన్న ఆదివారం జగదీశ్ పొద్దున్నే వచ్చిండు. తాత తెరిచి పట్టుకున్న వెనక తలుపులకెల్లి పోయి సీట్ల కూసున్నడు. నేను షెడ్డు ముందటి తలుపుల తాన నిలబడ్డ.

తాత తలుపు మెల్లగ వేసిండు, సప్పుడు రాకుంట. పోయి స్టీరింగ్ కాడ కూసున్నడు. ఎన్ని దినాలకు కూసున్నడో అక్కా. నడుము నిలువుగైంది. గేరు పిడి పట్టుకున్నడు. కాలు క్లచ్ మీద పెట్టిండు. బండి ఆడనే ఉన్నది, ఇంజన్ బంద్ ఉన్నది, గని ఆయన మొఖం చూస్తె తొవ్వ కనవడుతున్నట్టే ఉన్నది. మలుపు తాన మొత్తం మనిషి ఒరుగుతున్నడు. ఏదో ఎడ్లబండి అడ్డం వచ్చినట్టు ఆగిండు, తిట్టుకున్నడు, మల్ల పోనిచ్చిండు. నవ్వుతున్నడు. ఆయన నవ్వంగ, నేను దొర తన్నుల ముచ్చట ఇన్న దినమే చూసిన. ఇది ఆ నవ్వు కాదు.

"ఆలూరు దాటినం దొరా" అన్నడు.

వెనక నుంచి జగదీశ్ "ఊఁ" అన్నడు.

జరసేపైనంక "చేవెళ్ల వచ్చింది" అన్నడు. మీ ఇంటి ముందటికెల్లే పోతున్నడు గద.

చేవెళ్ల దాటినంక తాత నవ్వు ఆగింది. స్టీరింగ్ గట్టిగ పట్టుకున్నడు. ఎన్నడో అడగాల్నని దాసుకున్న మాటకు ధైర్యం తెచ్చుకుంటున్నట్టు గొంతు సవరించుకున్నడు.

"దొరా, ఒక మాట అడుగుత. కోపం చెయ్యకుండ్రి."

"అడుగు" అన్నడు జగదీశ్.

"మా పోరడు ఉన్నడు గద, జగదీశ్. లెక్కలు మంచిగ చేస్తడట. పంతులు ఇంటికి వచ్చి చెప్పిండు. వాన్ని బండి తుడువనికి పిలువకుండ్రి దొరా. వాని పని సుత నేనే చేస్త. జీతం ఏం పెంచకుండ్రి. వాన్ని ఒక్కన్ని చదువుకోనియ్యుండ్రి."

అక్కా, ఆ ముచ్చట జగదీశ్‌కు ఇన్నేండ్లల ఎవ్వరు చెప్పలేదట. తల్లి సుత చెప్పకుంటనే పోయింది. ఊర్ల తనతోటి పిలగాండ్లందరు దొర పనికి పోతుంటె, తన ఒక్కన్నే ఎందుకు పిలువలేదో వానికి తెల్వదు. రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకొని సీట్ల ముందటికి వంగిపోయిండు.

జవాబు రాకపోయేసరికి తాత భయపడ్డడు. మల్ల మెల్లగ పిలిచిండు.

"దొరా?"

జగదీశ్ తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. లేచి నిటారుగ కూసున్నడు. గొంతు పెద్దది చేసుకున్నడు.

"చదువుకోనీ తియ్ బాల్‌రాజ్. పిలువను."

"మంచిది దొరా" అని తాత గేరు మార్చిండు.

నీ తమ్ముడు
నర్సింహులు